పిడి ఉన్న క్యాబినెట్

తడి దుప్పటి రెండు మూలలూ పట్టుకుని ఒక్క విసురు విసిరి, అంచు సమంగా ఉందో లేదో చూసి, ఆమె దాన్ని వేడి రోలర్ల మధ్యకు అందించింది. ఆస్పత్రి వెనకవైపు నేలమాళిగలో ఉన్న ఆ లాండ్రీలో గోడలకు కూడా చెమట పడుతుంది. అవతలి వైపు పొడుగక్క నిలబడి, ఆవిరి కక్కుతూ బయటికొచ్చిన దుప్పటిని అందుకుంది. తర్వాత ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి, మూలకు మూల కలిపి, వెనక్కి జరిగి లాగి, మళ్ళీ కలిశారు. ఇన్నేళ్ళలో ఈ నడకలోనే వాళ్ళ సంసారాలన్నీ చెప్పుకున్నారు. దగ్గరికొచ్చినప్పుడు గుట్టు మాటలు, దూరం జరిగినప్పుడు వేళాకోళాలు.

"ఇవాళ మధ్యాహ్నం సెలవు పెట్టావట? ఏ గండం ముంచుకొచ్చింది?" అంది పొడుగక్క, దూరం నుంచి.

లాండ్రీలో అందరూ ఆమెను గండమక్క అంటారు. వాన మబ్బు పడితే లోపలికి నీళ్ళొస్తాయంటుంది. ఎవరికైనా దగ్గొస్తే పరీక్ష చేయించుకొమ్మంటుంది. రోలర్ దగ్గరికి గాజులు వేసుకుని వస్తే చెయ్యి లోపలికి లాగేస్తుందని తీయించేస్తుంది. అలాగని ఆమె వణుకుతూ కూర్చునే మనిషి కాదు. భయం వేసిన ప్రతి చోటా ఏదో ఒక ఏర్పాటు చేసి, అప్పుడు గాని పక్క పనిలోకి పోదు. భర్తకు ఒంట్లో బాగోలేనప్పుడు మామూలు జ్వరమేనని డాక్టరు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరూ అన్నారు. ఆమె కూడా నమ్మింది. ఆయన పోయాక ఇక ఎవరేం చెప్పినా నమ్మడం మానేసింది.

"కంప్యూటర్ కొనడానికి. మా మిరియానికి" అంది ఆమె.

మిరియం ఆమె కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత, నోరు మాత్రం ఘాటు. అప్పుడు పడిన పేరు ఇప్పటికీ వదల్లేదు.

"ఆటలాడుకోడానికా? ఈ వయసులోనా?"

మూలలు కలిశాయి. ఆమె గొంతు తగ్గించింది. "సాయంత్రం అయితే ఆ కంప్యూటర్ ఆటల సెంటర్‌కి పోతోందక్కా. మెట్లు చీకటి. లోపల ఒక్కటే తలుపు. నిప్పంటుకుంటే ఏ దారిన వస్తారు? అదే యంత్రం ఇంట్లో ఉందనుకో, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. నా కళ్ళ ముందే ఆడుకుంటుంది."

"పిల్లని ఇంట్లో కట్టేయడానికి కంప్యూటర్ కొంటున్నావన్నమాట" అని పొడుగక్క పెద్దగా నవ్వి, దుప్పటి మడత ఆమె చేతుల్లో పెట్టింది.

ఆమె నవ్వలేదు. అది నిజమే కదా, అందులో నవ్వడానికేముంది అనుకుంది.

మధ్యాహ్నం తల్లి వచ్చేసరికి మిరియం అప్పటికే కంప్యూటర్ల దుకాణం మెట్ల మీద నిలబడి ఉంది. లోపల సన్నటి నడవా, రెండు వైపులా పైకప్పు దాకా అట్టపెట్టెలు. దుకాణం ఆయన నుదుటి మీదొక కళ్ళజోడు, ముక్కు మీదొకటి పెట్టుకుని ఏదో సర్క్యూట్ పలక మీది దుమ్ము కుంచెతో దులుపుతున్నాడు. ఆమె ముందు పైకి చూసింది, పెట్టెలు పడితే ఎవరి మీద పడతాయోనని. కూతుర్ని రెండడుగులు ఇవతలికి లాగి, అప్పుడు మొదలుపెట్టమంది.

తెచ్చిన డబ్బుకు మించి ఒక్క రూపాయి లేదు. అందుకని ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గాలి. ఆటలోని బొమ్మల్ని తెర మీద పరిగెత్తించేది గ్రాఫిక్స్ కార్డు, సగం డబ్బు దానికే పోతుందని కూతురు వివరించింది. కొత్తది అందదు. ఎవరో వాడి అమ్మేసింది ఉంది. మిరియం దాన్ని తిప్పి చూసింది. ఫ్యాన్ రెక్కల్ని వేలితో తిప్పింది, ఎవరైనా విప్పారేమోనని మరల మీద గీతలు వెతికింది, దుకాణంలోని యంత్రానికి తగిలించి నడిపించమంది. నడిచినంతసేపూ తల్లి దాని దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసింది, ఇస్త్రీ అయిన దుప్పటిని చూసినట్టు.

"కాలట్లేదు. వెచ్చగా ఉంది" అని తీర్పు చెప్పింది.

"అంతే ఉండాలమ్మా" అన్నాడు దుకాణం ఆయన.

ప్రాసెసర్ విషయంలో మిరియం రెండు రకాలు తగ్గించి చవకదానితో సరిపెట్టుకుంది. ర్యామ్ జోడీగా రెండు ముక్కలు తీసుకుంటే ఆట కుదుపు లేకుండా నడుస్తుందని, అక్కడ మాత్రం తగ్గలేదు. కరెంటు పంచే పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక చవకది చూపించాడు.

"ఇది పేలుతుందా?" అంది తల్లి.

"అమ్మా!" అంది కూతురు.

"అడగనీ పాపా" అన్నాడాయన. "పేలిందంటే మిగతావాటిని కూడా తీసుకుపోయేది ఇదొక్కటే. నా ఇంటికైతే నేను పెట్టుకోను."

"మీ ఇంటికి పెట్టుకోనిది మాకెందుకు చూపించారండీ?"

ఆయన నుదుటి మీది కళ్ళజోడు సర్దుకున్నాడు. "చవకలో కావాలన్నారు కదమ్మా."

"చవకలో కావాలన్నాం. చావడానికి కావాలన్లేదు." మంచి పేరున్నది తీయించింది. దాని కోసం మిరియం రంగు దీపాల ఫ్యాన్లు వదులుకుంది. ఒక్క క్షణం ఆ దీపాల వైపు చూసి, "వెలుగు తెర మీద వస్తే చాల్లే" అని ముఖం తిప్పుకుంది.

వాడిన తెరా, కీబోర్డూ చవకలో కుదిరాయి. ఇక మిగిలింది అన్నీ బిగించుకునే క్యాబినెట్. నేల మీద నిలబెట్టిన నల్లటి పెద్ద క్యాబినెట్ తల్లికి చూడగానే నచ్చింది. ఎత్తి చూసింది. లేవలేదు.

"ఇదే. దొంగ వచ్చినా కదల్చలేడు. మూలన పెట్టామంటే ఇక అక్కడే."

మిరియం తల వంచి ఒక అట్టముక్క చేతిలోకి తీసుకుంది. దుకాణం ఆయన మామూలుగా అన్నాడు, "కానీ రైల్లో పట్టుకెళ్ళాలంది కదా పాప? అందుకే పైన పిడి ఉన్న చిన్నది పక్కన పెట్టి ఉంచమంది."

కుంచె చప్పుడు ఆగింది. తల్లి ఆ పెద్ద క్యాబినెట్ మీద చెయ్యి తీయకుండానే కూతురి వైపు చూసింది.

"ఏ రైల్లో?"

మిరియం గోళ్ళతో అట్టముక్క చింపుతూ చెప్పింది. ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ. చాలా దూరం. సెంటర్‌కి వెళ్ళింది ఆడటానికి కాదు, వాళ్ళు పెట్టిన పరీక్షలు రాయడానికి. ఉద్యోగం ఇచ్చారు. సొంత యంత్రం తెచ్చుకోవాలన్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నిద్రపోవు."

"చెప్పకపోతే మాత్రం ఎప్పుడు నిద్రపోయాను?"

దుకాణం ఆయన లోపలికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఏదో వెతకసాగాడు. డబ్బు సంచి ఆమె చంకలోనే ఉంది. వద్దు అంటే చాలు. యంత్రం లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే రైలు లేదు. పిల్ల ఏడుస్తుంది, నాలుగు రోజులు మాట్లాడదు, తర్వాత సర్దుకుంటుంది. ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు ఇదంతా తెలుసు. సంచి గట్టిగా నొక్కుకుంది.

"ఏం పని అది?" అంది చివరికి.

"ఆట బయటికి వచ్చే ముందే ఆడి చూడాలి. గోడెక్కితే పడిపోతుందా, తలుపు తీస్తే ఆగిపోతుందా, ఎవరూ చేయని పిచ్చి పని చేస్తే ఏమవుతుందీ అని. ఎక్కడ ఏం చెడిపోతుందో మనమే ముందు కనిపెట్టాలి."

తల్లి పెద్ద క్యాబినెట్ మీంచి చెయ్యి తీసింది.

"దానికి జీతం ఇస్తారా?"

"ఇస్తారమ్మా."

"నేను ఇన్నేళ్ళూ ఊరికే చేశానే!"

మిరియం మొదట గతుక్కుమంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, నవ్వి, నవ్వలేక పక్కకు తిరిగింది. లోపలి నుంచి దుకాణం ఆయన నవ్వు వినిపించింది. తల్లి మాత్రం నవ్వకుండా చిన్న క్యాబినెట్ తెప్పించి, పిడి పట్టుకుని ఎత్తింది. అటూ ఇటూ ఊపింది. బలంకొద్దీ కిందికి గుంజింది.

"ఇది ఊడదు కదా?"

"ఊడదమ్మా, ఇనుప మరలు."

"మరి కుదుపులకి లోపలి కార్డు?"

"ప్రయాణంలో దాన్ని తీసి విడిగా బట్టల్లో పెట్టుకోమనండి."

"విన్నావా?" అంది కూతురితో, సంచి ముడి విప్పుతూ.

ఇంట్లో బల్ల మీద పాత దుప్పటి పరిచి మిరియం పనిలో దిగింది. తల్లి టార్చిలైటు పట్టుకుంది. ర్యామ్ ముక్క గాడిలో కూర్చోవాలంటే గట్టిగా నొక్కాలి. కిందున్న సర్క్యూట్ పలక విరిగిపోతుందేమోనని మిరియం చేతులు ఆగిపోయాయి.

"విరుగుతుందేమోనమ్మా."

ఆ మాట తన కూతురి నోట వినడం ఆమెకు వింతగా అనిపించింది. "దుకాణం ఆయన చూపించాడుగా, టక్ అనాలని. నొక్కు. విరిగితే చూద్దాం."

టక్ అంది. ఇంకోటి కూడా టక్ అంది.

స్విచ్చు వేసేటప్పుడు ఇద్దరి కాళ్ళకీ చెప్పులు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. బకెట్ నిండా ఇసుక కూడా తెచ్చి పెట్టింది. ఏమీ అంటుకోలేదు. తెర మీద వెలుగొచ్చింది. పొద్దు వాలేసరికి మిరియం ఒక కొండ దారిలో గుర్రం మీద పోతోంది. తల్లి వెనక నిలబడి, "అంచుకు పోకు, పడతావు" అంటోంది.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. లాండ్రీలో పక్కన పడేసిన చిరుగు దుప్పట్ల గుడ్డతో, దుమ్ము పడకుండా ముందే ఒక వదులు ముసుగు కుట్టి పెట్టింది. కూతురు ఆటలో మునిగి ఉండగా క్యాబినెట్‌కు దాన్ని తొడిగి, నాలుగు వైపులా అందంగా సర్ది, వంటింట్లోకి వెళ్ళింది. టీ మరిగేలోపు అవతల ఫ్యాన్లు ఈదురుగాలిలా అరిచాయి. అంతలో అంతా సద్దుమణిగింది. తెర నల్లబడింది.

"అమ్మా, ఏం చేశావ్?"

"నేనేం చేశాను? ఆ పాత కార్డే ఏదో అయ్యుంటుంది!"

మిరియం ముసుగు లాగింది. లోపలి నుంచి వేడి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. తల్లి అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. ఈసారి వెచ్చగా లేదు, కాలుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దీనికి గాలి కావాలమ్మా."

"చచ్చిందా?"

"చల్లారితే లేస్తుంది. ఇలా ఆగిపోయి తనని తానే కాపాడుకుంటుంది."

ఆమె కుర్చీలో కూర్చుని అది చల్లారేదాకా చూసింది. మళ్ళీ స్విచ్చు వేయగానే వెలిగింది. అప్పుడు లేచి కత్తెర తెచ్చి, ముసుగు వెనకవైపు, ముందు వైపు చతురస్రాలు కత్తిరించి, అంచులు మడిచి కుట్టింది.

"ఇప్పుడు తొడుగు. గాలికి గాలి, దుమ్ముకి అడ్డు."

"తెలివి" అంది మిరియం, గుర్రం దిగకుండానే.

నెల తిరక్కముందే పిల్ల వెళ్ళిపోయింది. కార్డును ఆమె తనే రెండు స్వెట్టర్ల మధ్య చుట్టింది. క్యాబినెట్ పిడికి గుడ్డ చుట్టింది, చెయ్యి కోసుకోకుండా. తెరను తలగడల మధ్య పెట్టి కట్టింది. మరలు చిన్న డబ్బాలో వేసి మూతకు దారం బిగించింది. రైలు కదిలాక కిటికీ పక్కన రెండడుగులు నడిచింది. "తలుపు దగ్గర నిలబడకు" అని గట్టిగా అరిచింది. పెట్టెలోని వాళ్ళందరూ తలుపు వైపు చూశారు. మిరియం చెయ్యి ఊపింది. ఆమె తిన్నగా లాండ్రీకి వెళ్ళి, ఆ పూట దుప్పట్లన్నీ పూర్తి చేసింది.

"ఏమే గండమక్కా, ఎలా ఉంది?" అంది పొడుగక్క, మూలలు కలిసినప్పుడు.

"బానే ఉందక్కా. అన్నీ సర్దే పంపాను. ఒక్కటీ మర్చిపోలేదు" అంది ఆమె.

ఇంటికొచ్చి దీపం వేసింది. బల్ల ఖాళీగా ఉంది. దాని పక్కనే గోడకు గుచ్చి ఉన్న, కంప్యూటర్‌కి కరెంటిచ్చే నల్లటి తీగ కిందికి వేలాడి, బల్ల చుట్టూ తిరిగి, దుమ్ములో క్యాబినెట్ వదిలిన నలుచదరపు గుర్తు దగ్గర రెండో కొస ఆన్చుకుని పడి ఉంది. స్విచ్చు ఇంకా వేసే ఉంది.