టైమెంతయిందండీ?

ఎవరి వాచీ ఆగిపోయినా బాగుచేసి ఇచ్చే మనిషికి, తన పడకగది గోడ గడియారంలో టైమెంతయిందో మాత్రం తెలిసేది కాదు. నమ్మడం కష్టమే గానీ మన సోడాబుడ్డి సంగతి సరిగ్గా అదే.

ఆ పేరు ఆమెకు మూడో తరగతిలో పడింది. అంత దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని క్లాసులోకి అడుగుపెడితే పిల్లలు వేరే పేరు పెడతారా? పెళ్ళయింది, నలభై మూడేళ్ళు వచ్చాయి, అద్దాలు మైనస్ ఆరు దగ్గర స్థిరపడ్డాయి, పేరూ అలాగే స్థిరపడింది. పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఎదురుగోడ మీద గుండ్రటి తెల్లటి మరక ఒకటి కనిపిస్తుంది, అంతే. అంకెల్లేవు, ముళ్ళు లేవు. మంచం పక్కన పెట్టుకున్న కళ్ళద్దాలు రెండుసార్లు కాలికింద పడి పటుక్కున విరిగాక, రాత్రిపూట అద్దాలు హాల్లో, ఫోనూ చేతివాచీ వంటింట్లో ఉండాలని భర్త రూలు పెట్టాడు. అందుకని ఆమె రోజూ అడుగుతుంది.

"ఏవండీ, టైమెంతయింది?"

ఆయన స్కూలు బస్సు డ్రైవరు. అప్పటికే స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు.

"ఇంకా ఆరే. పడుకో."

పందొమ్మిదేళ్ళుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఇంకాసేపు పడుకుని, ఆయన లేపితే లేచి, మొహం కడుక్కుని వంటింట్లో ఫోను చూసేసరికి ఏడు కొట్టేసి ఉంటుంది. అక్కణ్ణుంచి ఉరుకులు పరుగులు. షాపు ఎనిమిదిన్నరకి తెరవాలని బోర్డు మీద రాసి ఉంటుంది. తెరిచేది తొమ్మిదింటికి దగ్గరపడ్డాక.

"పొద్దున్నపూట నా ఇరవై నిమిషాలు ఎవరో ఎత్తుకుపోతున్నారు మామయ్యా," అనేది షాపులో. "ఆరింటికే మెలకువ వస్తోంది. మొహం కడుక్కోవడానికి అంతసేపు పడుతుందా?"

"పడుతుందేమో. ఎంత మొహం ఉందో అంతసేపు," అనేవాడు మేనమామ. షాపు ఆయనదే, పని నేర్పిందీ ఆయనే. అరవై ఎనిమిదేళ్ళు. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే పిలిచినా పలకడు.

ఆమెకు మాత్రం ఆ భూతద్దం అక్కర్లేదు. పనికి కూర్చునేముందు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా వాచీని పెట్టుకుంటుంది. నువ్వుగింజలో పావొంతు ఉండే స్క్రూ ఆమెకు గుమ్మడికాయంత కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె వాచీని వాసన చూస్తోందనుకుని బిత్తరపోతారు. "అవును, వాసన చూసే జబ్బు చెబుతుంది," అని మేనమామ మొహం మీద నవ్వన్నది లేకుండా చెబుతాడు.

అలాంటి రోజుల్లో పక్క ఫోటో స్టూడియో ఆవిడ కళ్ళకి లేజరు ఆపరేషన్ చేయించుకుని, కళ్ళద్దాలు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అదిగో, ఆ బస్సు నంబరు చదవనా?" అని గడగడా చదివేసింది.

ఇక సోడాబుడ్డికి పట్టపగ్గాల్లేవు. వారం తిరక్కుండా కంటి ఆసుపత్రికి వెళ్ళింది. కంటి పొర మందం కొలిచారు, కన్నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో చూశారు, రెండేళ్ళుగా పవరు మారలేదని పాత చీటీలు చూసి ఖాయం చేసుకున్నారు. ఫారం నింపే అమ్మాయి "ఏం చేస్తారండీ?" అంటే "వాచీల షాపు" అంది. ఆ అమ్మాయి "అమ్మకాలు" అని రాసుకుంది. "దగ్గర చూపుతో ఇబ్బంది ఏమైనా ఉందా?" అంటే "అబ్బే, దగ్గర నాకు బ్రహ్మాండం," అంది. "నలభై దాటాయి కదండీ, ఆపరేషన్ తర్వాత దగ్గర పనులకి అద్దాలు కావాల్సి రావచ్చు," అని కూడా ఆ అమ్మాయి చెప్పింది. చెప్పలేదనడానికి లేదు. "ఓస్, పేపరు చదవడానికేగా!" అని మన మనిషి చెయ్యి ఊపేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అద్దాలు పెట్టుకుంటే చూపు, తీస్తే గుడ్డితనం అనే లెక్క ఆమెది. ఆ గుడ్డితనంతోనే రోజూ ఎనిమిది గంటలు పనిచేస్తున్నానన్న ఆలోచన ఆమె బుర్రకు తట్టనే లేదు.

వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. కాళ్ళు నేలమీద ఆనడం లేదు. మేనమామ ఒక్కడే "కళ్ళతో ఆటలేంటే అమ్మడూ," అని సణిగాడు. భర్త కూడా ఎగిరి గంతేయలేదు.

"టైము నేను చెబుతున్నానుగా," అన్నాడు.

"ఇంకెన్నాళ్ళు చెబుతారు? నా టైము నేను చూసుకోనక్కర్లేదా?"

ఆయన బస్సు తుడవడానికి వెళ్ళిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆపరేషన్ రోజు కాటుక లేదు, సెంటు లేదు. ఆ రోజు ఆమె బండి నడపకూడదు, తోడు ఎవరైనా ఉండాలన్నారని భర్త సెలవు పెట్టి వచ్చాడు. తలకి నీలం టోపీ తగిలించి చేతికి ఒప్పుకోలు పత్రం ఇచ్చారు. అక్షరాలు చీమలంత ఉన్నాయి. ఆమె అలవాటుగా కళ్ళద్దాలు తీసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చకచకా చదవసాగింది.

అటుగా పోతున్న డాక్టరమ్మ ఆగింది.

"ఎప్పుడూ ఇలాగే చదువుతారా?"

"ఇలాగైతేనే తేటగా ఉంటుందండీ. పనీ ఇలాగే చేస్తాను."

"ఏం పని? ఫారంలో అమ్మకాలని ఉందే?"

"అమ్మడమేంటండీ! నేను వాచీలు బాగుచేస్తాను."

డాక్టరమ్మ తన చేతి వాచీ విప్పి ఇచ్చింది. సోడాబుడ్డి దాన్ని కంటి దగ్గర అటూ ఇటూ తిప్పింది. "వెనక మూత స్క్రూల్లో ఒకటి మార్చేశారు, కొలత వేరు. అద్దం అంచున తేమ దిగుతోంది. ఇంకో రెణ్ణెల్లలో ఆగిపోతుందండీ," అంది.

డాక్టరమ్మ వాచీ తీసుకుని చేతికి పెట్టుకుంది. తర్వాత పక్కన కూర్చుంది.

"ఇవాళ నేను ఆపరేషన్ చెయ్యనమ్మా."

"అదేంటండీ?" అంది సోడాబుడ్డి.

"మీకు దూరం చూపు లేదు, నిజమే. కానీ ఈ దగ్గర చూపు మామూలు మనుషులకు ఉండదు. మీ కన్నే మీ భూతద్దం. లేజరు చేస్తే దూరం వస్తుంది, ఇది పోతుంది. మళ్ళీ తెచ్చి ఇవ్వలేను. ఒక కన్ను దూరానికి, ఒకటి కాస్త దగ్గరకి సర్దే పద్ధతి ఉంది గానీ, మీ స్క్రూలకి అది చాలదు. ఈ సంగతి ముందే అడగాల్సింది మేము, చెప్పాల్సింది మీరు. ఇద్దరం తప్పిపోయాం."

దారి పొడుగునా ఆమెకు అదే ధ్యాస. ఆ పాడు కాగితం చదవకుండా సంతకం పెట్టి ఉంటే? అప్పుడు మర్నాడు షాపులో ఏమై ఉండేది? కళ్ళు తప్ప ఆమె దగ్గర ఇంకో ఆస్తి లేదు. షాపు నడిచేది కూడా ఆ కళ్ళమీదే. మేనమామ చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది, ఆ మాట ఇద్దరూ పైకి అనరు.

డాక్టరమ్మ ఊరికే పంపలేదు. కంట్లో పెట్టుకునే లెన్సులు వారం రోజులకి ఇచ్చింది. "ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంటుందో ఇవి పెట్టుకుంటే ఇంచుమించు అలాగే ఉంటుంది. పొద్దున్న పెట్టుకుని రాత్రి తీసెయ్యండి. వీటితో మీ పని చేసి చూడండి. కుదిరితే రండి, కుదరకపోతే రావద్దు," అంది.

మొదటిరోజు వీధిలోకి వచ్చి సోడాబుడ్డి అలాగే నిలబడిపోయింది. ముక్కు మీద బరువు లేదు, పక్కలకి చూస్తే ఫ్రేము అడ్డం లేదు. ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన చొక్కాకి రెండో గుండీ ఊడిపోయి ఉంది! అది చెప్పడానికి ఆగకుండా షాపుకి పరిగెత్తింది. పనికి కూర్చుంది. వాచీ మూత తీసింది. లోపలంతా బూడిదరంగు ముద్ద.

దగ్గరికి తెచ్చుకుంటే ఇంకా అలుక్కుపోయింది. పట్టకారుతో స్క్రూ అనుకుని పట్టుకున్నది స్క్రూ నీడ. పాతికేళ్ళ పనితనం ఒక్క పూటలో ఎటో పోయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

మేనమామ 'నేను ముందే చెప్పానా' అంటాడని చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఆయన అనలేదు. తన కంటి భూతద్దం తీసి, చొక్కా కొసతో తుడిచి ఆమె ముందు పెట్టాడు.

"నేనేమన్నా దీంతో పుట్టాననుకున్నావా? నేర్చుకున్నదేగా. నువ్వూ నేర్చుకో. నేర్పేవాణ్ణి పక్కనే ఉన్నాను."

"మరి ఆటలొద్దన్నావుగా మామయ్యా?"

"నా భయం నాది. నీ కళ్ళు చూసుకునే కదా నేను ధైర్యంగా కూర్చున్నది. ముందు ఆ రెండో కన్ను మూయకు, తలనొప్పి వస్తుంది. మోచేతులు బల్లకి ఆనించు. ఊపిరి అద్దం మీదికి వదలకు."

మూడు రోజులు నరకం చూసింది. అద్దం మసకబారేది. భూతద్దం జారి వాచీలో పడేది. ఒక స్క్రూ కిందపడితే ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని గంటసేపు వెతికారు. నాలుగోరోజు చేతికి దారి దొరికింది. ఆరో రోజు, ఎవరిదో పాతకాలపు కీ వాచీలో వెంట్రుకంత స్ప్రింగు సరిచేసి చక్రం కూర్చోబెట్టింది. చక్రం ఒక్కసారి వణికి, అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. టిక్కు టిక్కు టిక్కు.

"మామయ్యా!" అని ఆమె పెట్టిన కేకకి స్టూడియో ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

ఇక ఆమె ఆగలేదు. ఈసారి తెలిసి తెలిసి దిగుతోంది. ఏం పోతుందో తెలుసు, పోయినదాన్ని దేంతో పూడ్చుకోవాలో తెలుసు. "నాకు లెక్క సరిపోయింది డాక్టరుగారూ," అని ఫోను చేసింది. లెన్సులు మానేసి రెండు వారాలయ్యాక రమ్మన్నారు, అవి కంటి పొర ఆకారాన్ని మార్చేస్తాయట. మళ్ళీ మొదట్నుంచీ కొలిచారు. ఫారంలో వృత్తి దగ్గర ఈసారి ఆమే పెద్ద అక్షరాలతో రాసింది.

"ఇంకోసారి ఆలోచించుకోరాదూ?" అన్నాడు భర్త ఆఖరి నిమిషంలో.

"మీకు నా సంతోషం పట్టదా?" అని కసిరింది. ఆయన నీళ్ళు నమిలాడు.

కంట్లో మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. కన్ను నొక్కినట్టయింది, కాసేపు అంతా చీకటయింది, తర్వాత ఒక దీపం. దాన్నే చూస్తూ ఉండమన్నారు. జుట్టు కాలిన వాసన వచ్చింది. 'అప్పుడే అయిపోయిందా' అనిపించేంతలో అయిపోయింది. మధ్యాహ్నమంతా కళ్ళల్లో ఇసక పోసినట్టు మంట, ధారగా నీళ్ళు. చుక్కలు వేళకి వేసుకోమన్నారు, కొన్నాళ్ళు కళ్ళు పొడారతాయన్నారు, చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయన్నారు, ఏం జరిగినా నలపొద్దన్నారు. నలభైమంది పిల్లల్ని తిప్పే డ్రైవరు ఆ రోజు పెళ్ళాన్ని అద్దె కారులో ఎక్కించుకుని, సైకిళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా ఇంటికి తెచ్చాడు. కళ్ళమీద పారదర్శకమైన ప్లాస్టిక్ డిప్పలు అంటించుకుని ఆమె సాయంత్రమే నిద్రపోయింది.

పొద్దున్న మెలకువ వచ్చింది. కళ్ళు ఇంకా విచ్చుకోకముందే నోరు తన అలవాటు ప్రకారం అడిగేసింది.

"ఏవండీ, టైమెంతయింది?"

అడుగుతూనే కళ్ళు తెరిచింది. డిప్పల్లోంచి ఎదురుగోడ కనిపించింది. గోడమీద మరక లేదు. గడియారం ఉంది! పన్నెండు అంకెలూ ఉన్నాయి. రెండు ముళ్ళున్నాయి, సన్నటి సెకన్ల ముల్లు కూడా గిరగిరా తిరుగుతోంది. చిన్న ముల్లు ఆరు దాటింది. పెద్ద ముల్లు నాలుగు మీద ఉంది. ఆరూ ఇరవై! ఇల్లెగిరిపోయేలా కేక పెడదామని నోరు తెరిచింది.

"ఇంకా ఆరే. పడుకో," అన్నాడు భర్త.

ఆయన అటు తిరిగి అద్దంలో చూసుకుంటూ గుండీలు పెట్టుకుంటున్నాడు. గడియారం ఆయన తలకి సరిగ్గా పైన ఉంది.

కేక గొంతులోనే ఆగింది. గడియారం తప్పేమో అనుకుంది ఒక్క క్షణం. వాచీల మనిషి ఇంట్లో గడియారం తప్పుతుందా? తన చేత్తో పెట్టిన టైమది. అప్పుడు అర్థమైంది. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆయనే తీసి, రోజూ ఆమె దిండు కింద పెడుతున్నాడు. రోజుకి ఇరవై నిమిషాలు, పందొమ్మిదేళ్ళు. అలవాటుకొద్దీ లెక్క కట్టేసింది. మూడు నెలల పైచిలుకు నిద్ర. టైము నేను చెబుతున్నానుగా అని ఆ మనిషి ఎందుకు అన్నాడో, కసిరితే నీళ్ళెందుకు నమిలాడో!

ఆయన టీ కాచుకునే గిన్నెల చప్పుడు ఆమెకు వినపడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసుకోవడానికి వెళ్ళబోతూ, గుమ్మంలో ఠక్కున ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు, తర్వాత గడియారం వంక చూశాడు. దొంగతనం బయటపడ్డ పిల్లాడి మొహం పెట్టాడు.

"కనిపిస్తోందా?" అన్నాడు.

ఆమెకు కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవడానికి లేదు, నలపొద్దన్నారు.

"ఆఁ, కనిపిస్తోంది. ఇంకా ఆరేగా," అంది. దుప్పటి భుజాల దాకా లాక్కుని, కళ్ళు మూసుకుని పడుకుంది.