కూర్చోబెట్టిన ప్రేమ

ఆ వీధిలో కోడళ్ల ప్రస్తావన వస్తే అందరూ ఆ డాబా ఇంటినే చూపించేవారు. "కోడలంటే అలా ఉండాలి. అత్తను కాలు కింద పెట్టనివ్వదు" అనేవారు. మెట్లెక్కడం కష్టంగా ఉందని అత్త అన్న మరునాడే కోడలు ఆమె మంచాన్ని పై గదిలోంచి కింద గదిలోకి దింపించింది. డాబా మీద బట్టలు ఆరేసే పని తను తీసుకుంది. అత్త పొద్దస్తమానం తొక్కే కుట్టుమిషన్‌ను మూలకు జరిపించి, "ఇన్నేళ్లు చాకిరీ చేశారు, ఇక కూర్చోండి అత్తయ్యా" అంది. అత్త కూర్చుంది. చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. ఆ వయసులో అంతకన్నా అదృష్టం ఏముంటుందని మనలో అనుకోనివాళ్లు ఎవరు?

అత్త దర్జీ. భర్త పోయాక ఆ మిషన్ తొక్కుతూనే కొడుకును పెంచింది. నోరు కరుకు, మనసు వెన్న. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాకపోతే, నెత్తిమీద మొట్టికాయలు వేసి మరీ నేర్పింది. ఆ నేర్పే తర్వాత కోడలికి ఉద్యోగం తెచ్చిపెట్టింది. గుండెకు అమర్చే కవాటాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది కుట్టుపని. జంతువు గుండె మీది పలుచని పొరను చిన్న లోహపు చట్రానికి, వెంట్రుకలాంటి దారంతో, మైక్రోస్కోపులో చూస్తూ చేత్తోనే కుట్టాలి. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అత్త ఈ సంగతి చెప్పేది.

"నేను చొక్కాలు కుడతాను, నా కోడలు గుండెలు కుడుతుంది. ఇక మా ఇంట్లో చిరుగన్నది ఎక్కడ నిలుస్తుంది?"

అత్తను కూర్చోబెట్టిన ఏడే ఫ్యాక్టరీలో మీటింగు పెట్టారు. మేనేజరు తెర మీద రంగురంగుల గీతలు చూపించాడు. లోకంలో ముసలివాళ్లు పెరుగుతున్నారు, కవాటం గట్టిపడి సన్నబడే జబ్బూ పెరుగుతోంది, ఛాతీ కోయకుండానే తొడలోని రక్తనాళం గుండా కొత్త కవాటం పంపించే పద్ధతి వచ్చింది, కాబట్టి మన సరుకు గిరాకీకి ఢోకా లేదు అన్నాడు. అన్నిటికన్నా ఎత్తయిన గీత మీద వేలు పెట్టాడు.

"వీళ్లంతా జబ్బుండీ డాక్టరు దగ్గరికి రానివాళ్లు. ఆయాసం వయసు వల్లేలే అనుకుని ఇంట్లో కూర్చునేవాళ్లు. రేపటి మన మార్కెట్ వీళ్లే."

హాలంతా చప్పట్లు మోగాయి. కోడలూ కొట్టింది. పని పోదు కదా అని సంబరపడింది. ఆ గీతలో తన ఇంటి మనిషీ ఉందని పాపం ఆమెకు తట్టలేదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో ఫ్యాక్టరీ నేర్పింది గానీ, ఆ కుట్టు అవసరమైన మనిషి ఇంట్లో ఎలా కనిపిస్తుందో ఎవరూ నేర్పలేదు.

అప్పటికే అత్త స్నానం చేసి వచ్చి, మంచం పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చేది. ఒకరోజు వాకిట్లో కళ్లు తిరిగి తూలింది. బస్సు నడిపే కొడుకు కంగారుపడి, "ఆసుపత్రికి పోదాం పదమ్మా" అన్నాడు.

"ఎందుకురా? కాటికి కాళ్లు చాపుకున్న వయసులో ఆయాసం రాక పెళ్లిసంబంధాలు వస్తాయా?" అంది అత్త. కొడుకు నవ్వేశాడు.

"ఎండలోకి ఎందుకొచ్చారు అత్తయ్యా, నేను లేనూ?" అంటూ కోడలు కుర్చీని గుమ్మం లోపలికి జరిపింది.

ఒక సెలవురోజు కోడలు కూరగాయలకు వెళ్లినప్పుడు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. డాబా మీద బట్టలు తడుస్తాయని అత్త మెట్లెక్కబోయింది. కోడలు తడుస్తూ ఇంటికొచ్చేసరికి మెట్ల మధ్యలో అత్త స్పృహ లేకుండా పడి ఉంది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ కొడుకునూ కోడలినీ పిలిచింది. "గుండెలోంచి ఒంటికంతటికీ రక్తం పోయే చోట కవాటం సూది బెజ్జమంత అయిపోయింది. ఇది నిన్నమొన్నటిది కాదు. ఇదివరకు ఆయాసం గానీ, కళ్లు తిరగడం గానీ లేవా?"

"మెట్లెక్కితే ఆయాసం వచ్చేదండి. అందుకే ఎక్కనివ్వడం మానేశాం" అంది కోడలు.

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి జాలిగా చూసింది. "అప్పుడే తీసుకొస్తే స్టెతస్కోపు పెట్టగానే అనుమానం వచ్చేది. కవాటం మార్చేవాళ్లం. ఇప్పుడు గుండె బాగా అలిసిపోయింది. ముందు కాస్త తేరుకోనివ్వండి, ఆ తర్వాత ప్రయత్నిద్దాం."

సాయంత్రానికి అత్తకు తెలివొచ్చింది. కవాటం మార్చాలన్న సంగతి కొడుకు చెప్పాడు. కోడలి చేయి పట్టుకుని, "నాకు నువ్వు కుట్టిందే పెడతారటే?" అని మెల్లగా అడిగింది.

"అవును అత్తయ్యా" అని అబద్ధమాడింది కోడలు.

"కుట్టు వంకర పోలేదు కదా? పోతే మొట్టికాయే."

ఆ తేరుకోవడం అత్తకు దక్కలేదు. మరునాడు కోడలు నీళ్లు తేవడానికి వెళ్లి వచ్చేలోపే ఆమె గుండె ఆగిపోయింది. చేతులారా పోగొట్టుకున్నానని కోడలు గోడకు తల బాదుకుని ఏడ్చింది.

పరామర్శకు వీధిలోవాళ్లంతా వచ్చారు. పక్కింటి పెద్దావిడ కోడలి వీపు నిమిరింది. "ఊరుకోమ్మా. వయసైపోయింది, పోయింది. పువ్వుల్లో పెట్టి చూసుకున్నావు. అంత అదృష్టం మాకెవరికి పడుతుంది?"

పెద్దవాళ్లకు ఏనాడూ ఎదురుచెప్పని ఆ కోడలు తలెత్తింది.

"నన్ను మెచ్చుకోకండి పిన్నిగారూ. ఆవిణ్ని తీసుకుపోయింది వయసు కాదు, జబ్బు. వైద్యం ఉన్న జబ్బు! మా ఫ్యాక్టరీ అలమారల నిండా ఆ కవాటాలే. వాటిని కుట్టేదాన్ని నేనే. మెట్లెక్కలేకపోతే మంచం దింపాను, నిలబడలేకపోతే కుర్చీ వేశాను. ఎందుకు ఎక్కలేకపోతున్నారని ఒక్కనాడు అడగలేదు. నేను చేసిన సేవే జబ్బును దాచిపెట్టింది."

అలా కూర్చోబెట్టిన పెద్దవాళ్లు ఆ వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుని, ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ అంది.

"మీ కాళ్లు పట్టుకుంటాను. పెద్దవాళ్లు అలిసిపోతున్నారంటే కుర్చీ తర్వాత వేయండి, ముందు డాక్టరుకు చూపించండి."