బోర్డు మూలన సంతకం

చిత్తూరు చర్చి వీధిలో నేను బోర్డులు రాసే షాపు పెట్టిన పంతొమ్మిదేళ్లకు, తొంభై ఎనిమిదిలో ఓనరు చక్రధర్ నాయుడు ఖాళీ చేయమని కోర్టుకెక్కాడు. కొడుకు మందుల షాపు పెట్టుకోవాలట. ఊళ్లో తనకు వేరే షాపే లేదట.

"సొంత అవసరమంటే ఇచ్చేయాల కదా! మనకెందుకు కోర్టులు?" అంది నా భార్య షహర్‌బాను.

"అవసరం నిజమైతే తాళాలు నేనే ఇస్తును. అబద్ధానికి ఎందుకియ్యాల?" అన్నాను.

కోర్టులో మా లాయరు ఒక పెద్ద ఫోటో చూపించాడు. గాంధీ రోడ్డులో మూసిన షట్టరు, దానికొక రేకు బోర్డు: 'షాపు బాడుగకు ఇవ్వబడును. ఓనరు చక్రధర్ నాయుడు.'

నాయుడు తొణకలేదు. "అది పాత బోర్డు సార్. ఆ షాపు అమ్మేసి ఐదేళ్లయింది."

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"కింద మూలన సూడండి సార్. నేను రాసే ప్రతి బోర్డుకూ సంతకం, తేదీ పెడతాను. కేసు వేసే ముందు నెలలో ఈయనే వచ్చి, నా బాడుగదారుడివే కదా అని ఊరికే రాయించుకున్నాడు."

జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు: 'ఫకృద్దీన్, 12-5-98.'

కేసు కొట్టేసిన రోజు నాయుడు వరండాలో నన్ను ఆపాడు.

"ఊరికే రాసిన దానికి కూడా సంతకమెందుకు పెట్టినావు సాయబూ?"

"నువ్వు డబ్బులియ్యకున్నా అక్షరాలు నావే కదప్పా!"