మావయ్య సైటేషన్లు

పాల పరిశోధనల పత్రికకు మావయ్య సంపాదకుడు. అందులోని నైతిక నియమాల పేజీ కూడా ఆయనే రాశాడు. సంపాదకుడు తన బంధువుల వ్యాసాలు ముట్టుకోకూడదన్నది అందులో మొదటి నియమం. అది అచ్చయిన నెలకే మేనకోడలి వ్యాసాన్ని తన దగ్గర అట్టేపెట్టుకున్నాడు. రాసినవాడికి ఆ మాత్రం చనువు ఉండదా మరి!

మేనకోడలు పాల పరీక్షాలయంలో పనిచేస్తోంది. వ్యాసం అచ్చయితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. మావయ్య ఆమెను గదికి పిలిచి, కూర్చోమనకుండానే విషయంలోకి దిగాడు.

"అమ్మాయ్, అంతా బానే ఉంది. నా పేపర్లు ఒక్కటీ సైట్ చెయ్యలేదేం? ఏడున్నాయి, వ్యాసంలో ప్రస్తావించి, చివరి పేజీ జాబితాలో అన్నీ పెట్టి తీసుకురా."

"నాది పాలల్లో నీళ్ళ గురించి మావయ్యా. మీవన్నీ సబ్బు గురించి."

"సంబంధం మనం కలుపుకోవాలమ్మా. నా పేపర్లను ప్రస్తావించిన లెక్క, అదే నా సైటేషన్లు, ఇంకాస్త పెరిగితే పెద్ద కమిటీలో కుర్చీ ఖాయం. ఇంటిపిల్లవి, నీకూ విడమరిచి చెప్పాలా?"

మావయ్య పేరు మోగిందే ఒక కాగితపు పట్టీ వల్ల. నురగ కోసం సబ్బు కలిపిన కల్తీ పాలలో ముంచితే అది నీలంగా మారుతుందని ఏడు వ్యాసాల్లోనూ ఒకటే పాట. పిల్లల హాస్టళ్ళన్నిటికీ ఇప్పుడా పట్టీలే కొనబోతున్నారు. సరే, సైట్ చెయ్యక తప్పనప్పుడు ఒకసారి చూద్దామని ఆమె గ్లాసుడు పాలలో సబ్బు కలిపి పట్టీ ముంచింది. తెల్లగానే ఉంది. కొత్త పట్టీలు తెప్పించి, పాలు మార్చి, సబ్బు పెంచి చూసింది. అదే తెలుపు. ఆమెకు ఒళ్ళు మండింది.

"పట్టీ మారట్లేదు మావయ్యా. దాన్ని నమ్మితే రేపు పిల్లలు తాగేది సబ్బు పాలే కదా."

"నీకు ముంచడం చేతకాక నన్నంటావేం? సైట్ చెయ్యమంటే చెయ్యి. లేదా వ్యాసం పట్టుకెళ్ళిపో."

ఆమె ఆయన చెప్పినట్టే చేసింది. ఏడు వ్యాసాలనూ పేరుపేరునా ప్రస్తావించి, వాటిలోని పట్టీ సబ్బును పట్టలేకపోయిందని, పరీక్షల ఫలితాలతో సహా రాసింది.

మావయ్య తిన్నగా చివరి పేజీ తీసి, వేలు పెట్టి ఏడూ లెక్కపెట్టుకున్నాడు. "బంగారుతల్లివి!" అని ఫోన్ చేశాడు. సమీక్షకులకు మళ్ళీ పంపడం దండగని నేరుగా అచ్చుకిచ్చాడు. మధ్య పేజీల జోలికి పోలేదు. చదవడమనే అలవాటు ఆయనకు ప్రొఫెసర్ అయిన రోజే పోయింది.

పత్రిక వార్షిక సభకు హాస్టళ్ళ కొనుగోలు అధికారిణి వచ్చి ముందు వరసలో కూర్చుంది. మావయ్య మైకు పుచ్చుకున్నాడు.

"మా మేనకోడలని చెప్పడం కాదు గానీ, ఈ తరం నా పనిని ఎంత గౌరవిస్తోందో ఆమె నోటే వినండి. నా ప్రస్తావన ఉన్న పేరా చదువమ్మా."

ఆమె మైకు దగ్గరికి వెళ్ళి పత్రిక తెరిచింది. పట్టీ సబ్బును పట్టలేకపోయిందన్న పేరా ఉన్నదున్నట్టు చదివింది. వెనక వరసలవాళ్ళు అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, ముందువాళ్ళ మొహాలు చూసి ఆపేశారు.

"అంటే పట్టీ పనిచెయ్యదనా?" అంది అధికారిణి.

"పనిచెయ్యదండి."

"మీ వ్యాసం చూపించి కొనుగోలు ఆపించేస్తాను."

సభ అయ్యీ అవగానే మావయ్య మేనకోడలిని వరండాలోకి లాక్కుపోయాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నా పత్రికలోనే నా పరువు తీస్తావా? రేపే ఆ వ్యాసం రద్దు చేయిస్తా!"

రద్దయితే ఆమె ఉద్యోగం పోతుంది, పట్టీలు హాస్టళ్ళకు చేరతాయి.

"మీ ఇష్టం మావయ్యా. కాకపోతే వ్యాసంతోపాటు మీ ఏడు సైటేషన్లూ పోతాయి."

మావయ్య బొటనవేలితో వేళ్ళ మీద ఏడు దాకా లెక్కపెట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కమిటీవాళ్ళు వ్యాసం తెరిచి చదువుతారంటావా?"

"మీరు చదివారా?"

వ్యాసం ఇప్పటికీ పత్రికలోనే ఉంది. మావయ్య పెద్ద కమిటీలో ఉన్నాడు.