ముడి లేని జాడీ

యుద్ధం మొదలై ఇంగ్లండు నుంచి వైను సీసాలు రావడం నిలిచిపోయాక, పెనుకొండ ప్రయాణికుల బంగళాలో దిగే దొరలకు బట్లరు ఏసుదాసు ఇంట్లో పులియబెట్టిన వైనే పోసేవాడు. హిందూపురం సంతలో కొన్న నల్లద్రాక్షతో ఒకటి, కొండ కింద ఏరుకొచ్చిన నేరేడు పండ్లతో ఒకటి. ఏ కూరకు ఏది పోయాలో అతనికి బాగా తెలుసని దొరలు మెచ్చుకునేవారు. నిజానికి తెలిసింది అతని భార్య పుట్టమ్మకు.

"నీ నాలిక ఉప్పు చూసేకి తప్ప ఇంగెందుకూ పనికిరాదు పో," అనేది ఆమె. చదువు రాదు కాబట్టి, ధర్మవరం మగ్గాల దగ్గర పారేసే పట్టుదారం తెచ్చి జాడీ మూతిగుడ్డకు చుట్టి గుర్తుగా ముడులు వేసేది. ఒక ముడి పొట్టేలు మాంసానికి, రెండు ముడులు కోడికి.

ఆ ఏడు నేరేడు వైను జాడీల్లోకి ఎత్తిన వారానికే పుట్టమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది.

డిసెంబరు నాటికి ఒక్క జాడీ మిగిలింది. దాని దారానికి ముడి లేదు. ఇంజనీరు దొర వస్తున్నాడని కబురు తెచ్చింది బంగళా కావలి పోతులయ్య.

"పోయినతూరి మాదిరి రుచి లేకపోతే బెంగుళూరు బట్లరును పెట్టిస్తాడంటప్పా. ఆ జాడీ దేనికో చూసుకో. ముడి వేసేది మరిచిందేమో."

"ఆమె మరిచే మనిషి కాదబ్బా."

దొర వచ్చే రోజు పొద్దున్నే ఏసుదాసు మాంసం వేయించి, ఒక ముక్క తిని ఒక గుక్క తాగాడు. ఆ మాంసంతో వైను పుల్లగా తగిలింది. కోడితో తాగితే నీళ్లలా జారిపోయింది.

"ఇట్ల చూస్తాపోతే దొరకు మిగిలేది ఖాళీ జాడీనే!" నవ్వుకుంటూ గేటు దగ్గరికి పోయాడు పోతులయ్య.

పొద్దున్నే తాగిన వైనుకు కడుపు మండింది. రాత్రి మిగిలిన రాగిసంగటి తుంచి, ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని తిన్నాడు. పైన ఒక గుక్క తాగాడు. మిరపకారం మెల్లగా దిగింది. వేరుశెనగ కమ్మదనం మీద నేరేడు వగరు నిలిచి, ఎంతసేపటికీ నాలుక వదలలేదు.

దొరల కంచాలు కడిగాక, వెనక మెట్టు మీద కూర్చుని అతనూ పుట్టమ్మా తినే తిండి అదే. దానికి గుర్తు అక్కరలేదు.

మధ్యాహ్నం బల్ల ముందు కూర్చున్న దొర గ్లాసు ముందుకు జరిపాడు.

"ఈసారి వైను లేదు దొరా," అన్నాడు ఏసుదాసు.

దొర గ్లాసు బోర్లించాడు. వచ్చే నెల నుంచి బెంగుళూరు మనిషి వస్తాడని మాత్రం చెప్పి, తిని వెళ్లిపోయాడు.

"జాడీలో ఉండాది కదప్పా!" పోతులయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఉండాది."

కంచాలు కడిగి ఏసుదాసు వెనక మెట్టు మీద కూర్చున్నాడు. సంగటి ముద్దను అలవాటుగా రెండు చేశాడు. కాసేపు చూసి, రెండింటినీ మళ్లీ ఒకటిగా అదిమాడు.