రాయమల్లు చేసిన అనువాదం

గోదారి అవతలి అడవిల కాల్పులకు, కాలిన ఇండ్లకు భయపడి పారిపోయొచ్చిన కోయ కుటుంబాలు పాలంపేట దాటినంక చెలకల అంచున ముప్పై గుడిసెలు వేసుకున్నయి. ఆ పిల్లల మనసులు ఎట్లున్నయో తెలుసుకోవాలని సారంగపాణి సారు హనుమకొండల కూర్చొని పరిశోధన మొదలువెట్టిండు. గుడిసెల్ల తిరిగి రాసుకొచ్చే పని శోభారాణిది. కోయ మాట తెలిసిన టీచరమ్మను మాట్లాడుకున్నరు గని, ఆమెకు పరీక్షల డ్యూటీ పడ్డది. ఇగ మిగిలింది రాయమల్లు. మిరప తోటలకు కూలీలను తోలే ముఠా మేస్త్రి. ఏండ్లకేండ్లు ఆ గుడిసెలోళ్ళతోని కాయ ఏరిపిస్తాండు గనుక వాళ్ళ మాట గడగడ వస్తది.

"రోజూ వాళ్ళతోనే ఉండేటాయన. ఇంతకన్న నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతడమ్మా?" అన్నడు సారు ఫోన్ల.

రాయమల్లును తప్పువట్టే పని లేదు. ఇన్నేండ్ల సంది ఆయనను ఆ మనుషుల గురించి అడిగినోళ్ళంత తోటల ఆసాములే. ఎండకు ఆగుతరా, రోగాలు గిట్ల లేవు గద, పిల్లలు అడ్డం పడరు గద అని. అన్నిటికి ఆయన తయారుగ పెట్టుకున్న జవాబులున్నయి. ఇప్పుడు పట్నంకెల్లి ఒక మేడం ఫారం పట్టుకొచ్చి, పిల్ల రాత్రి నిద్రపోతదా, తింటదా, భయపడుతదా అని అడిగితే ఆయన నోటికి అవే జవాబులొచ్చినయి. తన ముఠాకు తనే వంక పెట్టుకునే మేస్త్రి ఎక్కడన్న ఉంటడా?

ఫారంల ఇరవై ప్రశ్నలు. బాధ లేదు అంటే సున్న, అప్పుడప్పుడు అంటే ఒకటి, ఎప్పుడూ అంటే రెండు. మొత్తం పదహారు దాటితే శోభారాణి గులాబీ రంగు చీటి చింపి ఇస్తది. ఆ చీటితోని వరంగల్‌ల పిల్లల మనసు డాక్టరు ఊరికెనే చూస్తడు. ఫారం కింద అనువాదం చేసినాయన సంతకం ఉండాలె, లేకుంటే ఆ ఫారం చెల్లదు. ఇది సారు పెట్టిన కట్టుబాటు.

రెండు రోజుల్ల ఇరవై రెండు ఫారాలు నిండినయి. చీటి ఒక్కటి చిరగలేదు. ఎవ్వరికి ఐదు దాటలేదు. శోభారాణికి అనుమానం వచ్చి సారుకు ఫోన్ చేస్తే ఆయన మురిసిపోయిండు.

"ఇన్ని కష్టాలు పడి ఇంత గుండెనిబ్బరమా! దీనిమీద మంచి పేపరొస్తది. నువ్వు నీ సొంత కవిత్వం కలపకు. అనువాదకుడు ఏం చెప్తే అదే రాయి."

మూడో రోజు పొద్దున గుడిసెల నడుమ ఫారాలు రాసే కాడికి ఉంగి వచ్చి కూసున్నది, వెనుక చూసేటందుకు వచ్చిన ఆడోళ్ళు వరుసల కూసున్నరు. మిరపకాయ మంటకు వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకొని ఉన్నది. ఆమె బిడ్డ దేవె, తొమ్మిదేండ్ల పిల్ల. శోభారాణి స్కూటీ సప్పుడు ఇనంగనే నీళ్ళ డ్రమ్ము వెనుకకు ఉరికి, ఇంకా అక్కడనే ముడుచుకొని ఉన్నది.

"రాత్రి పిల్ల పండుతదా?" అన్నది శోభారాణి. రాయమల్లు కోయల అడిగిండు. ఉంగి చెప్పుడు మొదలువెట్టింది. చెయ్యి ఆడిచ్చుకుంట, డ్రమ్ము దిక్కు చూసుకుంట, నడుమ కొంగుతోని కండ్లు తుడుచుకుంట చానసేపు చెప్పింది.

"మంచిగ పండుతదట. తెల్లారగట్ల నాలుగింటికే లేస్తరు వీళ్ళంత" అన్నడు రాయమల్లు.

"అన్నా, గంత సేపు చెప్పింది గద?"

"వీళ్ళ భాష గట్లనే ఉంటది మేడం. సాగుతది."

"మరి కండ్లెంబడి నీళ్ళెందుకు?"

"కాయ ఘాటు. నాకు సుత వస్తాన్నయి, సూడుండ్రి."

ఇరవై ప్రశ్నలు అట్లనే ఒడిసినయి. మొత్తం రెండు. ఆ రెండన్న రాసుకున్నది ఎందుకంటే, పిల్ల కోపం చేస్తదా అంటే "పనిల జర హుషారు ఎక్కువ" అన్నడు రాయమల్లు. శోభారాణి కలం మూసి, చీటిల కట్ట సంచిల పెట్టుకోబోయింది. ఉంగి కండ్లు ఆ కట్ట వెంట పోయినయి.

"అక్కా, ఆ చీటి మాకు రాదా?"

తెలుగుల అడిగింది. అది సుత మిరప తోటల తెలుగు, మన దిక్కు తెలుగు.

రాయమల్లు గిర్రున ఆమె దిక్కు తిరిగిండు.

"ఏందే! నీకు తెలుగెప్పటి సంది వస్తదే?"

"వచ్చిన ఏడే వచ్చింది మేస్త్రీ. నాలుగేండ్లాయె."

"మరి నాతోని ఒక్క ముక్క మాట్లాడకపోతివి?"

"మాట్లాడితే నువ్వు మా ముందర మాట్లాడుడు బంద్ చేస్తవు గద."

రాయమల్లు మొకం కాయ లెక్క ఎర్రగయింది. ఈ నాలుగేండ్లల్ల ఆసాములతోని తను ఆడిన మాటలన్ని ఒక్కొక్కటి యాదికొస్తాన్నట్టున్నయి. "రేపటి సంది తోటల కనిపించకు" అన్నడు.

"సరే" అన్నది ఉంగి. ఈ సుట్టుపక్కల ఇంకో ముఠా లేదు. అయినా శోభారాణి దిక్కే తిరిగింది. "అక్కా, మొదట్ల కెల్లి అడుగు. నా బిడ్డ పండదు. తలుపు దిక్కు చూసుకుంట కూసుంటది. బండి సప్పుడైతే లంగల ఉచ్చ పోస్కుంటది. బండ్లమీద వచ్చినోళ్ళే మా ఇల్లు కాలవెట్టిండ్రు. నాతోని తప్ప ఎవ్వలతోని మాట్లాడది, నాతోని సుత చెవులనే. రాయక్కా. అన్నీ రాయి."

శోభారాణి కొత్త ఫారం తీసింది. ఇరవై ఏడొచ్చింది.

గని కింద సంతకం జాగ ఖాళీగ ఉన్నది. ఆమె ఫారం రాయమల్లు ముందర పెట్టింది.

"నేను చేయని అనువాదానికి నేనెందుకు పెడుత సంతకం?" అన్నడు రాయమల్లు. న్యాయం మాట్లాడుడు ఆయనకు ఆ మూడు రోజుల్ల అదే మొదటిసారి.

వెనుక వరుసల కూసున్న ముసలి జోగి లేచింది. "పెట్టు బిడ్డా, ఏమయితది?" అన్నది. అదీ తెలుగే. ఆమె పక్కన పిల్లకు పాలిస్తున్న కోసి, "రేపు పెద్ద తోట ఏరాలె గద మేస్త్రీ? మొగులు సుత పట్టింది, వాన పడితే కాయంత ఖరాబైతది. నువ్వు సంతకం పెడితే మేం పోతం. ఉంగి సుత వస్తది" అన్నది. వరుసల ఎవరో కిసుక్కున నవ్విండ్రు.

రాయమల్లు ఒక్కొక్క మొకం చూసుకుంట పోయిండు. ఇన్నేండ్లు ఎండల నిలబడి, గొంతు చించుకొని ఆసామి చెప్పిన ప్రతి మాటను కోయల మళ్ళ చెప్పిండు. వీళ్ళు రెండుసార్లు విన్నరన్నమాట. మొగులు దిక్కు చూసిండు. కలం తీసుకొని సంతకం పెట్టిండు. అటెంకల ఇరవై రెండు ఫారాలు మళ్ళ రాసిండ్రు, అన్నిటికి పెట్టిండు. పదిహేడు చీటిలు చిరిగినయి.

కొత్త లెక్క ఫోన్ల విని సారంగపాణి సారు నిట్టూర్చిండు. "మరి ఆ స్థైర్యం ఏమాయె?" అని అడిగిండు. ఫారాలన్నిటికి సంతకాలున్నయని తెలిసినంక, "అనుభవజ్ఞుడైన అనువాదకుని సాయంతోని వివరాలు సేకరించినం" అనే ముక్కను మాత్రం పేపర్ల నుంచి తీసెయ్యలేదు.

సోమవారం దేవెను వరంగల్‌కు తోలుకపోవాలె. బస్సు ఎక్కిస్తే పిల్ల హారన్‌కు బెదురుతది. గుడిసెల కాడ ఉన్న బండి ఒక్కటే, రాయమల్లు ట్రాలీ ఆటో. గొనుగుకుంటనే ఒప్పుకున్నడు. ఉంగి ఏం చెప్పిందో ఏమో, ఇంజిన్ స్టార్టు చేసే ముందట ఆయన దిగి దేవె దాక్కున్న డ్రమ్ము దిక్కు పోయి, జర దూరం నిలబడి, కోయల చెప్పిండు: "బిడ్డా, ఇప్పుడు బండి సప్పుడైతది. నాదే." రెండుసార్లు చెప్పినంక స్టార్టు చేసిండు. దేవె వచ్చి తల్లి కొంగుల మొకం పెట్టుకొని ఎక్కింది.

డాక్టరు పిల్లతోని ఏం మాట్లాడించలేదు. రంగుల డబ్బా ముందర పెట్టి గంటసేపు పక్కన కూసున్నడు. పదిహేను రోజులకు మళ్ళ రమ్మన్నడు. దేవె డబ్బాను ముట్టలేదు గని, కొంగుల కెల్లి మొకం తీసి దాని దిక్కు చూసింది. ఉంగి ఆ సంగతి శోభారాణికి చెప్పినప్పుడు, ఎన్నిసార్లు చూసిందో సుత చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు రాయమల్లు ఫోన్ మోగింది. పెద్ద తోట ఆసామి. ఆయన "ఆఁ, పటేలా, మనుషులా..." అని మొదలువెట్టి, అద్దంల వెనుక కూసున్న ఉంగిని చూసిండు. బండి పక్కకు ఆపి, దిగి, రెండు చెలకల దూరం నడిచి పోయి, చెట్టుకు ఎనుక దిక్కు నిలబడి మాట్లాడిండు.