మాధ్యమం: గాలి

సాయంత్రం నాలుగూ ఇరవైకి ఫిజిక్స్ మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయన చేతిలో మా దరఖాస్తు ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర సిరా గీత ఉంది.

"ఒరేయ్, మాధ్యమం అన్నచోట ఏం రాశావురా?"

"గాలి అని రాశాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తప్పు అద్దాల్లో ఉందేమోనని చివరి ఆశ.

అది హైస్కూలు ఫిజిక్స్ పోటీ దరఖాస్తు. జట్టుకి ఇద్దరు. 'ప్రయోగాంశం' అన్నచోట 'ధ్వని వేగం' అని రాశాను. సరిగ్గా దాని కింద 'మాధ్యమం' అని ఉంది. ధ్వని ప్రయాణించాలంటే మాధ్యమం కావాలని ఏడో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నేను పదో తరగతి. అందుకే 'గాలి' అని రాసి ఊరుకోకుండా, పక్కన '25 డిగ్రీల సెల్సియస్ వద్ద' అని చేర్చాను. పోటీ మొదలవకముందే నిర్వాహకులు ముక్కున వేలేసుకోవాలని నా ఉద్దేశం. వేసుకున్నారు.

"వాళ్ళడిగింది నువ్వు చదివేది తెలుగా, ఇంగ్లీషా అనిరా తండ్రీ! ఇవాళే ఆఖరిరోజు, అయిదింటికి పోటీ ఆఫీసు కిటికీ మూసేస్తారు. దిద్దిన కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆ పిల్లేదీ?"

ఆ పిల్లని క్లాసంతా స్టాప్‌వాచ్ అంటుంది. మెడలో ఎప్పుడూ అదే వేలాడుతుంటుంది. బడి గంట ఎంతసేపు మోగింది, లెక్కల మాస్టారు ఎంతసేపు ఆవలించారు, అన్నీ కొలుస్తుంది. పోటీ కోసం మూడు వారాలుగా బకెట్ నీళ్ళలో గొట్టం ముంచి, పైన శ్రుతిదండం మోగించి, ముప్పై ఎనిమిది సార్లు ధ్వని వేగం లెక్క కట్టింది. అదే మూడు వారాల్లో నేను నాలుగు రంగుల పెన్నులతో టైంటేబుల్ వేశాను. అందం చాల్లేదని మళ్ళీ వేశాను.

అయినా జట్టు నాయకుణ్ణి నేనే. దస్తూరీ బాగుంటుందని దరఖాస్తు నేనే నింపాను. చేతిలో పెన్ను ఉంది కదా అని ఆ పదవి కూడా నాకే ఇచ్చుకున్నాను.

పదో తరగతి దాటితే ఈ పోటీకి అర్హత ఉండదు. పోతే నాకు పోయేది టైంటేబులు. తనకి పోయేది ముప్పై ఎనిమిది సార్ల కష్టం.

ఆ మాట తనతో ఎలా చెప్పాలి? చెప్పలేదు. 'గాలి' కొట్టేసి 'తెలుగు' అని రాసి నా సంతకం పెట్టాను. కాగితం మడతపెట్టి, సంతకం చోటు మాత్రమే బయటికి ఉంచి ల్యాబ్‌లోకి పరిగెత్తాను.

"ఏదో అచ్చుతప్పట. ఇక్కడో సంతకం పెట్టు."

"ఎక్కడ పడింది తప్పు?"

"దార్లో చెప్తా."

తను సంతకం పెట్టింది. వాచీ చూసుకుంది. "సైకిల్ నేనే తొక్కుతా. నువ్వు తొక్కితే ఇరవై ఆరు నిమిషాలు, నేనైతే పద్దెనిమిది."

"ఎప్పుడు కొలిచావ్?"

"నువ్వు టైంటేబుల్‌కి గళ్ళు గీస్తున్నప్పుడు."

నాయకుడు వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. వంతెన దగ్గర గొలుసు ఊడింది. తను పావుగంట సేపు నల్లటి గ్రీజులో చేతులు పెట్టి ఎక్కిస్తుంటే, నేను ట్రాఫిక్‌ని ఆపుతున్నట్టు నటించాను. ఎవరూ ఆగలేదు.

ఆఫీసు చేరేసరికి కిటికీ ముందు ఒకే ఒకాయన ఉన్నాడు. ఆయన చిల్లర వెతుక్కుని, జేబులు తిరగేసి, దగ్గి, చివరికి తప్పుకున్నాడు. స్టాప్‌వాచ్ నా చేతిలోంచి కాగితం లాక్కుని గుమాస్తా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ మెడలోని వాచీ బొత్తాం నొక్కింది.

గుమాస్తా మడత విప్పాడు. పగలబడి నవ్వాడు.

"ఏమండోయ్, ఇటు రండి!" అని పక్క బల్ల ఆయన్ని పిలిచాడు. "మాధ్యమం గాలట! అదీ ఇరవై అయిదు డిగ్రీల దగ్గరట!"

స్టాప్‌వాచ్ మెల్లగా నా వైపు తిరిగింది. "అచ్చుతప్పా?"

నేను నోరు తెరిచేలోపు ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆ ఆఫీసు గోడ గడియారం ఏనాడో ఆగిపోయింది. వాళ్ళకి అయిదంటే సైరనే. గుమాస్తా నవ్వు ఆపి, కాగితం వెనక్కి తోశాడు.

"టైమైపోయింది బాబూ."

అప్పుడు నాలో శాస్త్రవేత్త మేల్కొన్నాడు. నిద్రపోయి ఉంటే బాగుండేది.

"సార్! ఫ్యాక్టరీ కిలోమీటరు దూరం. శబ్దం ఇక్కడికి రావడానికి మూడు సెకన్లు పడుతుంది!"

గుమాస్తా ఆలోచించాడు. "అంటే నాకు వినబడేసరికే అయిదు దాటి మూడు సెకన్లయిందన్నమాట. కిటికీ ఇంకా ముందే మూయాల్సింది. మంచిమాట చెప్పావ్."

తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు ఉంది నా తెలివి. కిటికీ తలుపు సగం దిగింది.

"ఆగండి సార్," అంది స్టాప్‌వాచ్. వాచీని కిటికీ చువ్వల మధ్యలోంచి లోపలికి పెట్టింది. "కాగితం మీ చేతికిచ్చినప్పుడు నొక్కాను. సైరన్ వినబడగానే ఆపాను. పదకొండు సెకన్లు. వీడన్న మూడు తీసేయండి. అయిదుకి ఎనిమిది సెకన్ల ముందే ఇచ్చాం. మిగతాదంతా మీరు నవ్విన టైము."

గుమాస్తా వాచీ చూశాడు. పక్కాయన్ని చూశాడు. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"మూడని ఎలా చెప్తున్నావమ్మా?"

"ఇరవై అయిదు డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకి మూడొందల నలభై ఆరు మీటర్లు పోతుంది సార్. కావాలంటే కాగితం మీద చూడండి, డిగ్రీలు వీడు ముందే రాశాడు."

ఈసారి గుమాస్తా నవ్వలేదు. ముద్ర తీశాడు.

"ఒక్క నిమిషం సార్. ఇంకో తప్పు దిద్దాలి." పెన్ను అందుకుని, 'జట్టు నాయకుడు' అన్నచోట నా పేరు కొట్టేసి తన పేరు రాసింది. 'డు' కొట్టేసి 'రాలు' చేసింది. సంతకం పెట్టి పెన్ను నాకిచ్చింది. "నువ్వూ పెట్టు. ఈసారి మడత విప్పి చదివి మరీ పెట్టు."

చదివి పెట్టాను. ముద్ర పడింది.

తిరుగుదారిలో సైకిల్ నాతో తొక్కించింది. వెనక కూర్చుని కొలిచింది. ముప్పై ఒక్క నిమిషాలు.

"రేపు ఆరింటికి ల్యాబ్‌కి రా," అంది దిగుతూ. "గొట్టం నువ్వు పట్టుకో. కదపకు. మాట్లాడకు. నీ గాలికి రీడింగు మారిపోతుంది."